బూట్ లైన్‌లోనే రాయండి

లైనక్స్‌లో తెర కొలత చెడితే డిస్‌ప్లే సెట్టింగ్స్ జోలికి పోకండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పాత కంప్యూటర్ల మీద ఉబుంటు, మింట్ నడుపుకునే వాళ్ళందరికీ నా సలహా ఇదే. ఇంటెల్ గ్రాఫిక్స్‌తో మొదలుపెట్టి, 2009లో వచ్చిన 2.6.29 వెర్షన్ నుంచి తెర కొలత పెట్టే పని కెర్నెల్ చేతికొచ్చింది. చెప్పేదేదో దానికే, బూట్ లైన్‌లోనే చెప్పాలి. ఎక్స్‌రాండర్ కమాండ్‌తో సరిచేస్తామంటారు ఇంజనీరింగ్ పిల్లలు. బూట్ అవుతున్నప్పుడు తెర సంగతేమిటి?

సిరిసిల్ల నుంచి వచ్చే ఫోన్లది ఒకటే పాట: "అన్నా, బొమ్మలన్ని లావుగ కనవడ్తున్నయి." చీర అంచుకు నెమలి గీసే పిల్లగానికి ఇది చిన్న సంగతి కాదు. 1366×768 తెర మీద 1024×768 బొమ్మను సాగదీస్తే వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. గుండ్రంగా గీసిన కన్ను అడ్డం పెట్టిన బాదంపప్పులా కనిపిస్తుంది. తప్పు తనదేననుకుని అతను కన్నును పక్కల నుంచి నొక్కుతాడు. తెర మీద గుండ్రమవుతుంది. జకార్డ్ మీద నేసి చూస్తే నెమలికి నిలువు కన్ను.

మానిటర్ తన కొలతలను ఈడీఐడీ అనే 128 బైట్ల చిట్టీలో చెప్పుకుంటుంది. వీజీఏ కేబుల్లో ఆ కబురు నడిచేది 12, 15 నంబర్ పిన్నుల మీద. అవి వంగినా, చవక కేబుల్లో అసలే లేకున్నా కెర్నెల్ 1024×768 దగ్గర ఆగిపోతుంది. కేబుల్ మార్చమంటారు అందరూ. వద్దు. కొత్త కేబుల్ పిన్నూ రేపు వంగేదే, బూట్ లైన్‌కు ఆ బాధ లేదు. పిన్నులు బాగున్నా ఆ చిట్టీని నేను నమ్మను. అందులో స్టాండర్డ్ టైమింగ్ వెడల్పులు ఎనిమిదో ఎక్కంలోనే ఉండాలి. 1366 ఆ ఎక్కంలో లేదు.

ఈటీసీ కింద డిఫాల్ట్, దాని కింద గ్రబ్ ఫైలు తెరవండి. 'క్వయట్ స్ప్లాష్' తర్వాత ఒక ఖాళీ వదిలి, కోట్స్ లోపలే రాయండి: వీడియో, ఈక్వల్ గుర్తు, వీజీఏ-1, కోలన్, 1366 ఎక్స్ 768, అట్ గుర్తు, 60, చివర ఇ. మధ్యలో ఖాళీలుండకూడదు, అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే. ఆ చివరి 'ఇ' ముఖ్యం. మానిటర్ ఉలుకూ పలుకూ లేకున్నా ఉన్నట్టే లెక్కపెట్టమని దాని అర్థం. తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్, రీబూట్.

గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి, ఒక్క బూట్‌కు పరీక్షించి చూసుకునే దారీ ఉంది. అటు పోకండి. ఒకసారి బాగైందంటే ఫైల్లో రాయడం మరిచిపోతారు, తెల్లారి మళ్ళీ ఫోన్. ఆ లైన్‌లో నోమోడ్‌సెట్ అనే మాట మాత్రం చచ్చినా రాయొద్దు. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌నే పక్కన కూర్చోబెడుతుంది. కొలత మార్చుకునే వీలు కూడా పోతుంది.

రేపు పాత చదరపు మానిటర్ తగిలించారనుకోండి. 'అవుట్ ఆఫ్ రేంజ్' అని చూపించి నల్లబడొచ్చు. అప్పుడు కూడా లైన్ చెరపకండి. ఆ మానిటర్ తీసేసి, లైన్‌కు సరిపోయేది సెకండ్ హ్యాండ్‌లో వెతికి తెచ్చుకోండి.