ఆకాశం నుంచి చుట్టపుచూపు

డెమో ఎక్కడైనా ఒకటే. ఇస్త్రీ చేసినట్టున్న పచ్చగడ్డి మైదానం. మధ్యలో నారింజ రంగు జాకెట్ తొడుక్కుని, బాధితుడి వేషం కట్టిన కుర్రాడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. డ్రోను తనంతట తానే లేస్తుంది, తనంతట తానే తిరుగుతుంది. తెర మీద కుర్రాడి చుట్టూ ఆకుపచ్చ గడి గీసి, 'మనిషి, 97 శాతం' అని తేలుస్తుంది. షామియానా కింద చప్పట్లు. మిగతా మూడు శాతం ఏమిటని ఎవరూ అడగరు. కుర్రాడు కూడా అడగడు.

ఇక ఏ విపత్తు వచ్చినా మెషీన్ లెర్నింగే మనల్ని వెతికి పెడుతుందట. సంతోషం. ఒక్కటే సందేహం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు జనం ఎక్కడున్నారో తెలియకనా ఇబ్బంది? డాబాల మీదే ఉన్నారు. చేతులూపుతూ, మిగిలిన కాస్త ఛార్జింగ్‌తో ఫోన్లు చేసి వీధి పేరుతో సహా చెబుతూ ఉన్నారు. తెలియనిదల్లా పడవ ఎప్పుడొస్తుందన్నదే. కొట్టుకుపోయినవాళ్ల సంగతంటారా, బురదనీటి అడుగున ఏముందో ఈ కెమెరాకూ కనపడదు. ఆ రోజుల్లో డ్రోన్లు డాబాల మీదికి తిండి పొట్లాలు, మంచినీళ్లు చేరవేశాయి. ఆ పుణ్యం వాటిదే. కానీ అది మోత పని, వెతుకులాట కాదు.

పోనీ, నిజంగానే కనపడని మనిషి ఉన్నాడనుకుందాం. యంత్రం తనకు చూపించిన ఫొటోలను బట్టే నేర్చుకుంటుంది. ఈ విద్యకు పేరున్న ఫొటోల సంపుటి హెరిడాల్ క్రొయేషియాలో తయారైంది. మధ్యధరా కొండల్లో చదువుకొచ్చిన ఆ బుద్ధిమంతుడికి, మన రేకుల కప్పు మీద టార్పాలిన్ కప్పుకుని ముడుచుకున్న ముసలమ్మ మనిషిలా కనపడుతుందో, మూటలా కనపడుతుందో! థర్మల్ కెమెరా ఉందిగా అంటారు. ఎండ కాసిందంటే మన శ్లాబే ఒంటికన్నా వేడెక్కుతుంది. అప్పుడు దాని లెక్కలో ఊరంతా జ్వరమే. గాలివాన ముదిరితే చిన్న డ్రోను పెట్టెలోంచి బయటికే రాదు.

అది బొత్తిగా పనికిరాదని అనను. 2025 జులైలో ఇటలీలోని మోన్విసో పర్వతం మీద, డ్రోన్లు తీసిన వేల ఫొటోల్లోంచి ఒక ఎర్రటి చుక్కను యంత్రమే పట్టింది. అది అంతకు పది నెలల కిందట అదృశ్యమైన పర్వతారోహకుడి హెల్మెట్. గొప్పే. కానీ ఏ లోయల్లో వెతకాలో చెప్పింది కొండను ఎరిగిన మనుషులు. శవాన్ని దించిందీ మనుషులే.

మన దగ్గర మాత్రం బుడమేరు వరదకు రెండు నెలలు నిండకముందే, విజయవాడ పున్నమి ఘాట్ మీది ఆకాశంలో 5,500 డ్రోన్లు బొమ్మలు గీసి ఐదు గిన్నిస్ రికార్డులు కొట్టాయి. పడవల్లో రికార్డు ఇంకా ఖాళీగానే ఉంది.

ఆ వరదల రోజుల్లోనే, 2024 సెప్టెంబరు 1న, ఖమ్మంలో మున్నేరు వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. ఎక్కడున్నారో ఊరందరికీ తెలుసు. హెలికాప్టర్ రాలేదు. హర్యానా నుంచి పొట్టకూటికి వచ్చిన ఒక డ్రైవరు జేసీబీ వేసుకుని వరదలోకి వెళ్లి తొమ్మిది మందినీ ఒడ్డుకు తెచ్చాడు.

టెండర్లు పిలిచే అయ్యలకు మనవి: డ్రోన్లు కొనండి, వద్దనను. అవి చూసొచ్చి చెప్పాక నీళ్లలోకి దిగేదెవరో, ఏ పడవలోనో ముందు రాసుకోండి.