తేడాలరావు

ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఒక తేడాలరావు ఉంటాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంటుంది గానీ, అది జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. పాత లినక్స్ సర్వర్‌లోని సరుకంతా కొత్తదానికి మార్చిన రాత్రే ఆయనకి పండగ.

“అన్నా, అటు ఫైళ్ళు ఎన్నో ఇటూ అన్నే. ఇంక ఇంటికెళ్దామా?” అంటాడు జూనియర్ కుర్రాడు.

“విస్తళ్ళు లెక్కపెట్టి పెళ్ళయిపోయిందంటే ఎలా నాయనా?” అంటూ తేడాలరావు పాత డిస్కుని మౌంట్ చేసి, డిఫ్ పక్కన మైనస్ ఆర్‌క్యూ తగిలించి, రెండు డైరెక్టరీల పేర్లూ కొడతాడు. డిఫ్ 1974లో ఐదో ఎడిషన్ యూనిక్స్‌తో బయటికొచ్చిన కమాండు. దాన్ని రాసిన బెల్ ల్యాబ్స్ డగ్లస్ మెకిల్‌రాయ్ పేరెత్తేటప్పుడు ఈయన చెప్పులు విప్పేస్తాడు.

తెరమీద ‘ఓన్లీ ఇన్’ అని ఒక్క వరస పడితే చాలు, మొహం చేటంతవుతుంది. ఎవరో విమ్‌లో తెరిచి, మూయకుండా పోయిన స్వాప్ ఫైలు అది. కిందనే ‘డిఫర్’ అని మరొకటి. ఏ మహానుభావుడో కాన్ఫిగ్ ఫైలుని విండోస్‌లో సేవ్ చేశాడు. ఒక్క అక్షరం మారలేదు గానీ ప్రతి వరస చివరా కంటికి ఆనని క్యారేజ్ రిటర్న్ చేరింది. అది పట్టుకున్నాక తేడాలరావుకి ఆ పూట భోజనం అక్కర్లేదు.

అన్నీ సరిచేశాక డిఫ్ నోరెత్తదు. తేడా లేకపోతే మాట్లాడకపోవడం దాని స్వభావం. ఈయనకి గిట్టనిదీ అదే. ఎగ్జిట్ కోడ్ అడిగితే సున్నా అంటుంది. “లోపలి సరుకే చూసింది. ఓనరెవరో, పర్మిషన్లేమిటో దానికి పట్టదు” అని ఆర్‌సింక్ అందుకుంటాడు. పర్మిషన్లు కూడా పోల్చడానికి మైనస్ ఏ, పొరపాటున ఏదీ కాపీ అయిపోకుండా మైనస్ ఎన్, తేడా ఎక్కడుందో విడమర్చి చెప్పడానికి మైనస్ ఐ. మైనస్ సి కూడా ఉండాల్సిందే. లేకపోతే సైజూ తేదీ చూసి సరిపెట్టుకుంటుంది, చెక్‌సమ్ జోలికి పోదు. ఈలోగా టీలు చల్లారతాయి. క్యాబ్ డ్రైవరు ఫోన్ చేసి చేసి వెళ్ళిపోతాడు.

తెల్లవారుజామున మేనేజరు ఫోన్: “ఏమండీ, రెండూ ఒకటేనా?”

“ఒకటే సార్” అంటాడు, అప్పు ఒప్పుకున్నవాడిలా. ఆ ముక్కే రిపోర్టుగా రాసి, ఉన్నచోటే సేవ్ చేసి, చెయ్యి ఊరుకోక ఇంకోసారి డిఫ్ కొడతాడు.

‘ఓన్లీ ఇన్’ పాత సర్వర్: రిపోర్టు.

తేడాలరావు ఒక్క గంతేసి, నిద్రపోతున్న కుర్రాణ్ణి తట్టిలేపుతాడు: “ఒకటే అని చెప్పిందెవడ్రా?”