సినాప్సిస్‌లో రాజకీయం తగ్గించండి

జేఆర్ఎఫ్ రాలేదన్న దిగులు ముందుగా మానుకోండి. ఆ ఫెలోషిప్ తెచ్చిపెట్టే నెట్ పరీక్షను 2024 జూన్ 18న దేశమంతటా లక్షల మంది రాశారు. మర్నాడే ఆ పరీక్ష రద్దయింది. రాసినవాళ్ళకూ రాయనివాళ్ళకూ ఒకే హోదా కల్పించిన ఆ రోజును మీ థీసిస్‌లో సమానత్వం గురించిన అధ్యాయానికి ఫుట్‌నోటుగా వాడుకోవచ్చు. జేఆర్ఎఫ్ ఉన్న స్కాలర్‌కు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అది లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తుంటే 8,000. 2015లో ఆ ఎనిమిదివేలూ ఎత్తేద్దామనుకుంటే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించి నిలబెట్టుకున్నారు. నిలబడింది గానీ పెరగలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, అదీ రాజనీతిశాస్త్రంలో, మెస్ బకాయితో ఉన్నవాళ్ళకు మిగిలే దారుల్లో ఒకటి భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్ఎస్ఆర్) ఇచ్చే డాక్టొరల్ ఫెలోషిప్. నెలకు 20,000, రెండేళ్ళు. ఈ సలహాలు వాళ్ళ కోసమే.

మొదటి పని, అంశాన్ని కడగడం. మీకు నిజంగా రాయాలని ఉన్నది సర్పంచ్ పదవి వేలంపాట గురించి. అది మీరు చిన్నప్పటి నుంచి చూసినదే. ఊరి పెద్దలు గుడి అరుగు మీద కూర్చుంటారు. పాట మొదలవుతుంది. ఎక్కువ పాడినవాడిదే పదవి, డబ్బు గుడికి అంటారు. మిగతావాళ్ళు నామినేషన్ వేయరు, పొరపాటున వేసినవాడు గడువులోగా వెనక్కి తీసుకుంటాడు. రిజర్వుడు సీటైతే పాడేది ఒకరు, కుర్చీలో కూర్చునేది ఇంకొకరు, పంచాయతీ నడిపేది మళ్ళీ పాడినవాడే. ఇంత రాజకీయం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అందుకే దీన్ని సినాప్సిస్‌లో రానివ్వకండి. శీర్షిక ఇలా పెట్టండి: ‘ఏకగ్రీవ ఎన్నికలు: స్థానిక స్వపరిపాలనలో భాగస్వామ్య ప్రజాస్వామ్య స్వరూపం, ఒక విశ్లేషణాత్మక అధ్యయనం’. ఏకగ్రీవమైన ఊళ్ళకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామని 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రకటించింది కాబట్టి, మీరు ప్రభుత్వ విధానం మీద పరిశోధిస్తున్నట్టే లెక్క.

విధానం అన్న మాట ఎన్నిసార్లు వస్తే అంత మంచిది. 2018లో సామాజిక శాస్త్రాల కోసం ‘ఇంప్రెస్’ అనే పథకం వచ్చింది, 414 కోట్ల రూపాయలతో, 1,500 ప్రాజెక్టుల లక్ష్యంతో. దాని పూర్తి పేరులో ముందు నిలబడ్డది ‘ప్రభావశీల విధాన పరిశోధన’. గాలి ఎటు వీస్తోందో రాజనీతిశాస్త్రం చదివిన మీకు వేరే చెప్పాలా?

తర్వాతది పరికల్పన. మీరు రెండేళ్ళు తిరిగి కనుక్కోబోయేది ఇప్పుడే తెలిసి ఉండాలి. తెలియదంటే సరైన స్కాలర్ కాదనుకుంటారు. తెలుసంటే ఇక డబ్బెందుకని అడుగుతారు. రెండింటికీ మధ్యలో 300 మంది శాంపిల్ పెట్టండి. 300 ఎందుకని ఎవరూ అడగరు, అడిగినవాళ్ళూ తమ థీసిస్‌లో 300 మందినే పెట్టి ఉంటారు.

సమయ ప్రణాళిక గళ్ళలో ‘క్షేత్ర పర్యటన, ఆరు నెలలు’ అని ధీమాగా రాయండి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదలు దాదాపు రెండేళ్ళు సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన. అప్పట్లో ఈ గడి నింపినవాళ్ళు ఎవరిని ఇంటర్వ్యూ చేశారో వాళ్ళకే తెలియాలి.

ఇతరుల రచనలతో పోలిక శాతం దగ్గర మాత్రం జాగ్రత్త. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉన్నా శిక్ష లేదు. కానీ 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిందన్న వాక్యం పంచాయతీరాజ్ మీద ఇప్పటిదాకా థీసిస్ రాసిన ప్రతివాళ్ళూ రాశారు. మీరు కొత్తగా ఎలా రాస్తారు? తేదీ మార్చలేరు కదా.

ఇక సంతకాలు. ఫారం ఆన్‌లైన్‌లోనే నింపుతారు, నింపాక ప్రింటు తీసి సంతకాలకు బయల్దేరుతారు. గైడ్ గారి సిఫార్సు లేఖ మీరే డ్రాఫ్ట్ చేసి తీసుకెళ్ళాలి. మిమ్మల్ని మీరు మరీ పొగుడుకోకండి, సార్‌కు నచ్చదు. కొంచెం తిట్టుకున్నా ప్రమాదమే, సార్ చదవకుండా సంతకం పెడతారు. అక్కడి నుంచి హెడ్, హెడ్ నుంచి డీన్, డీన్ నుంచి రిజిస్ట్రార్ ఆఫీసు. సెక్షన్‌లో ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. ‘ఈరోజు టపా వెళ్ళిపోయిందమ్మా, రేపు రా’ అంటే నొచ్చుకోవద్దు, వెబర్ చెప్పిన అధికార యంత్రాంగం మీద అధ్యాయాన్ని అక్కడి బెంచీ మీదే రాసెయ్యండి. ఫైలు ఏ బల్ల మీద ఆగిందో డీన్‌కు తెలియదు, అటెండర్‌కు తెలుసు. థీసిస్ కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు గైడ్ గారి పేరు కింద, దేవుడి పేరు పైన ఉండటం న్యాయం.

చివరగా ఇంటర్వ్యూ, పిలుపు వస్తే. ఒక ఎక్స్‌పర్ట్ గ్రాంసీ గురించి అడుగుతారు. ఇంకొకరు మీ శీర్షికలో ‘విశ్లేషణాత్మక’ ఎందుకంటారు, తీసేస్తాననండి. మూడో ఆయన ఏమీ అడగరు. మీ సినాప్సిస్ పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, ‘మా ఊళ్ళోనూ ఈసారి ఏకగ్రీవమేనమ్మా, గొడవల్లేకుండా ఎంత చక్కగా జరిగిందో’ అంటారు. సంతోషం సార్ అనండి. ఎంతకు పోయిందని మాత్రం అడగకండి. సెలక్షన్ లిస్టులో మీ పేరు చూసుకున్నాక ఫోన్ చేసి అడగండి. 300 మందిలో మొదటివాడు దొరికినట్టే.