పేపర్ల పోడు: మన్యానికొచ్చే పరిశోధకులకు చిట్కాలు

మీ పేరు మీద పేపర్లు వంద దాటాలా? అదీ వృక్షశాస్త్రం, జన్యుశాస్త్రం, భాషాశాస్త్రం అన్నిట్లోనా? విశాఖలో పొద్దున్నే కిరండూల్ బండెక్కి అరకులో దిగండి. తర్వాత ఇలా చేయండి.

1. ఊళ్లో అడుగుపెట్టగానే కొలవడం మొదలెట్టండి. ఎందుకో తర్వాత ఆలోచించొచ్చు. ఇందులో మనకు గురువు ఎడ్గర్ థర్‌స్టన్. చదివింది వైద్యం, 1885 నుంచి చేసింది మద్రాసు మ్యూజియం కొలువు. ముత్యపు చిప్పలు, పాత నాణేలు, మనుషుల ముక్కులు, వేటినీ వదల్లేదు. 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. వయనాడులో పణియ ఆడవాళ్లు ఆయన్ని చూసి, తమలో చక్కనివాళ్లను పట్టుకెళ్లి మ్యూజియంలో గడ్డి కూరి నిలబెడతాడని పారిపోయారట. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఇప్పుడు మీకా బెడద లేదు, అంగీకార పత్రం మీద వేలిముద్ర చాలు. పత్రం ఇంగ్లీషులో ఉంటే ప్రశ్నలూ రావు.

2. భాష నేర్చుకోకండి. భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరల కూబి మాటలు కూర్చుని విని, రాసుకుని, 1969లో ఆ భాష మీద పుస్తకం తెచ్చారు. ఒక్క పుస్తకానికి అంత ఓపికా! మీరు ‘గదబ భాష’ అని ఒక్క ముక్క రాసేయండి. గదబల్లో కొందరిది ముండా కుటుంబపు గుతోబ్, కొందరిది ద్రావిడ భాష ఒల్లారి అని ఎవరైనా అడ్డుపడితే, రెంటికీ సగటు తీయండి.

3. పొదల పక్కన కూర్చోకండి. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ, జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర పనిచేస్తూ, లంటానా పూలలో ఏ రంగు మీద ఏ సీతాకోకచిలుక వాలుతుందో చూస్తూ కూర్చున్నాడు. అది 1960లో ‘నేచర్’లో వచ్చింది. మగవాళ్ల చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తాయో కూడా ఆయనే ఆరా తీశాడు. రెండింటికీ పెట్టుబడి కళ్లూ ఓపికా. ఇలాగైతే గ్రాంటు ఏం చెప్పి అడుగుతాం?

4. ఒక్క సంతలో పది పేపర్లు లేపండి. గోనెపట్టా పరిచి కూర్చున్న ఓ అవ్వ చాలు. పసుపు కొమ్ములు మూలికావైద్యం, అడ్డాకుల కట్ట ప్లాస్టిక్‌కి ప్రత్యామ్నాయం, చిల్లర లెక్కపెట్టే వేళ్లు మహిళా సాధికారత. ఆమె దగ్గర మాత్రం ఏమీ కొనకండి. కొంటే డేటా పాడవుతుంది.

5. వానలో కొండెక్కించి, వేరు తవ్వి, ఏ జబ్బుకి ఎంత నూరాలో చెప్పిన ఊరి నాటువైద్యుడు, దిసారి, పేరు రచయితల వరసలో వేయకండి. అక్కడ హెడ్డు, డీను, డీనుగారి అల్లుడు ముందే సర్దుకుని ఉన్నారు. ‘స్థానిక సమాచారదాత’ అంటే సరిపోతుంది.

6. ఒక శాస్త్రంలో సారం తగ్గగానే ఇంకో శాస్త్రానికి మారండి. పోడు రైతు కూడా కొండ మారతాడు కదా అంటారేమో. అతను వదిలిన వాలు మీద అడవి మళ్లీ పెరిగాక తిరిగి అక్కడికే వస్తాడు. మీరా పొరపాటు చేయకండి. వచ్చారా, ఎవరో ఒకరు గుమ్మంలోనే ఆపుతారు: “బావూ, పోయినేడు మా గుంటడి రగతం తీసుకెల్లినారు. ఏటి తేలింది?”

తేలింది. మీ పేపర్లో రెండో పట్టికలో సికిల్ సెల్ శాతం దశాంశాలతో సహా ఉంది. అందులో వాళ్ల గుంటడు ఎటువైపున్నాడో మాత్రం మీరు రాసుకోలేదు.