ముక్కులో మకాం

నేను న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాను. షాబాద్ మండలం చందనవెల్లిలో నా నివాసం పసిపిల్లల ముక్కు వెనక, కొండనాలుకకు పైనుండే తడి గోడ. అంతమాత్రాన ఆ పిల్లలు రోగులు కారు. ఈ మాటకు నా చరిత్రే సాక్ష్యం. 1881లో నా ఉనికిని లోకానికి చెప్పినవారు ఇద్దరు: ఫ్రాన్స్‌లో పాశ్చర్, అమెరికాలో స్టెర్న్‌బర్గ్. స్టెర్న్‌బర్గ్ నన్ను పట్టుకున్నది తాను ఆరోగ్యంగా ఉన్నప్పుడే, తన సొంత ఉమ్మిలో. ఐదేళ్లలోపు పిల్లల్లో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు నన్ను మోసినవారే. కొన్ని వారాలో నెలలో ఉంటాను. ఒంట్లోని రక్షణశక్తి నన్ను గుర్తుపట్టి వెళ్లగొడుతుంది. ఆ చోటుకు నా జాతిలోదే మరో రకం వస్తుంది. అయితే నెమ్ముకైనా, మెదడు పొరల వాపుకైనా నా ప్రయాణం ఈ మకాం నుంచే మొదలు. నన్ను అక్కణ్నుంచి కదిలించేదేమిటో చూడాలి.

ఫ్లూ శ్వాసనాళం లోపలి పొరను దెబ్బతీస్తే నాకిక అడ్డుండదు. 1918 నాటి ఫ్లూ చావుల్లో అత్యధికం ఆ వెనకే చేరిన బ్యాక్టీరియా నెమ్ము వల్లేనని, దాచి ఉంచిన ఊపిరితిత్తుల ముక్కలను పరీక్షించినవారు తేల్చారు. పొయ్యి పొగ, బీడీ పొగ, తిండి చాలకపోవడం, షుగరు, ముసలితనం కూడా నాకు దారి ఇచ్చేవే. అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఇరుకు గురించి. ఒకప్పటి పొలాల్లో జౌళి పరిశ్రమ, డేటా కేంద్రాలు లేచిన పారిశ్రామికవాడ చందనవెల్లి. పనికోసం దూరం నుంచి వచ్చినవాళ్లు ఒకే గదిలో పక్కపక్కన పడుకుంటే ఒకరి తుంపర ఇంకొకరి ముక్కు చేరడానికి ఎంతోసేపు పట్టదు. పనామా కాలువ తవ్వకంలో 1906 ప్రాంతంలో కరీబియన్ దీవుల కూలీలు నెమ్ముతో విపరీతంగా చనిపోయారు. పెద్ద కొట్టాలు వదిలి విడివిడి గుడిసెల్లోకి మారాక చావులు బాగా తగ్గాయని వైద్యాధికారి గోర్గాస్ గమనించారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 1911లో వైద్యుడు ఆల్మ్‌రాత్ రైట్ నా మీద టీకా ప్రయోగం చేశారు, దాని ఫలితం వివాదంలో పడింది. తర్వాత అక్కడికి వెళ్లిన గోర్గాస్, కూలీలు పడుకునే చోటు పెంచమన్నారు.

మోస్తున్న అందరికీ యాంటీబయాటిక్ ఇచ్చి నన్ను ఊడ్చేయొచ్చు కదా అనొచ్చు. కానీ అలా చేస్తే మందుకు లొంగనివి మాత్రమే మిగులుతాయి. పైగా పక్కనున్న బ్యాక్టీరియా డీఎన్‌ఏను తీసుకుని వాడుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. 1977లో దక్షిణాఫ్రికాలో ఒకేసారి పలు మందులకు లొంగని రకాలు బయటపడ్డాయి. ముక్కులో ఉండటం జబ్బు కానప్పుడు పిల్లలకు టీకా ఎందుకనే ప్రశ్న ఇంకా బలమైనది. 2021లో దేశమంతటా విస్తరించిన ఈ టీకాను 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఇస్తారు. అది గుర్తించే రకాలు ఆ పిల్లల ముక్కులో తగ్గుతాయి, ఇంట్లో టీకా పడని తాతమ్మలకూ వాటి బెడద తగ్గుతుంది. 2000లో టీకా మొదలైన అమెరికాలో పెద్దల్లోనూ జబ్బు తగ్గింది. కానీ మాలో 100కు పైగా రకాలున్నాయి. హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ సంస్థ తయారుచేసిన టీకా గుర్తించేవి 14. మిగిలినవి ఖాళీ అయిన చోట చేరతాయి. అందుకే టీకా వేసినా ఇరుకు, పొగ సమస్యలు అలాగే ఉంటాయి. లోహపు పొగ పీల్చే వెల్డర్లకు నా నెమ్ము ముప్పు ఎక్కువని బ్రిటన్ వాళ్లకూ టీకా సూచిస్తోంది. ఇక్కడి ఉచిత టీకా పసివాళ్ల వరకే. షెడ్డులో వెల్డింగ్ చేసే యువకుడికి అందుబాటులో ఉండాల్సినవి పొగను బయటికి లాగే ఫ్యాను, మాస్కు, కిటికీ ఉన్న గది.