ఒకే పాఠం, నాలుగు తెరలు

బడి చదువుల్లోకి కొత్త మంత్రం దిగింది: ట్రాన్స్‌మీడియా స్టోరీటెల్లింగ్. శిక్షణకు పోయొచ్చిన సార్ల సంచుల్లో ఫైలు, పెన్నుతో పాటు ఇదీ ఉంటోంది. అమెరికా ఆచార్యుడు హెన్రీ జెంకిన్స్ 2003లో దీని గురించి రాశాడు. ఆయన చెప్పింది ఇంతే: కథ ఒక్కటే అయినా, ఏ మాధ్యమంలోకి వెళ్తే అక్కడ ఓ కొత్త ముక్క దొరకాలి. మనవాళ్లు మొదటి సగం విని టీకి లేచినట్టున్నారు.

అందుకే పుస్తకంలో పాఠం, పక్కన క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే ఒకాయన అదే పాఠం చదువుతాడు. టీవీలోనూ అదే. వాట్సాప్‌కు వంకరగా తీసిన అదే పేజీ ఫొటో. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లు పాఠాలు చెప్పాయంటే అర్థముంది, అప్పుడు బళ్లు మూతబడ్డాయి. ఇప్పుడు సారు ఎదురుగానే ఉన్నాడు కదా!

ఎల్లంతకుంటలో ఓ ఇంటిని ఊహించుకోండి. ఉన్న ఒక్క ఫోను పొద్దున్నే బాపు జేబులో సిరిసిల్ల సాంచెల కార్ఖానాకు పోతుంది.

"వీడియో చూసినవారా?"

"ఫోన్ బాపు పట్కపోయిండు సార్."

"రాత్రి చూడరాదు?"

"రాత్రికి నెట్ అయిపోతది సార్."

రిపోర్టులో మాత్రం 'చూశారు' గడిలో టిక్కు పడుతుంది.

నిజానికి జెంకిన్స్ చెప్పిన ఆ రెండో సగం మనకు కొత్తేం కాదు. ఇదే నేల మీద పద్మశాలీల వాడకు, వాళ్ల కులపురాణం చెప్పే కూనపులివాళ్లు పటం పట్టుకొచ్చేవారు. చింతగింజల గంజి, సుద్దమన్ను పూసిన గుడ్డ మీద నకాషీ చిత్రకారులు గీసిన బొమ్మలు. కథ నడిచేకొద్దీ చుట్ట విప్పుతారు. పులినెక్కిన కులమూలపురుషుడు భావనారుషిని బొమ్మ చూపిస్తుంది, తామరనారతో బట్ట నేసిన వైనం పాట చెబుతుంది, 101 గోత్రాల లెక్క వచనంలో వస్తుంది. పటం మూసేస్తే కథ కుంటుతుంది, పాట ఆపితే బొమ్మ మూగబోతుంది. జెంకిన్స్ అడిగింది సరిగ్గా ఇదే. చార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డు లేదు.

కానీ పటం కథ చెప్పేవాళ్లకు పవర్‌పాయింట్ రాదు. కాబట్టి శిక్షణలో రిసోర్స్ పర్సన్లు కాలేరు. మహా అయితే వార్షికోత్సవంలో పది నిమిషాలు, ఒక శాలువా, పత్రికకో ఫొటో.

అధికారులకు ఒక మనవి. వచ్చే శిక్షణకు ఒక పటం బృందాన్ని పిలవండి. మైకు వాళ్ల చేతికిచ్చి, మీరు ముందు వరుసలో కూర్చోండి. భత్యం మాత్రం రిసోర్స్ పర్సన్లకిచ్చేంత ఇవ్వండి.