తీన్‌మినార్

డాలస్ నుంచి వచ్చిన మా మేనల్లుడు చార్మినార్ చూసి మొహం వేలాడేశాడు. "ఇన్‌స్టాలో ఇలా ఉండదు మామయ్యా" అన్నాడు. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి తీసిన ఫోటోలో చార్మినార్‌కన్నా ముందు కరెంటు తీగలు పడ్డాయి. తర్వాత మూడు ఆటోలు, ఒక దానిమ్మల బండి, పళ్లు కుట్టుకుంటూ కెమెరాకేసి చూస్తున్న ఒక పెద్దాయన, ఓ మూలన నేను. వాడేం కంగారుపడలేదు. ఇరానీ చాయ్ చల్లారేలోగా వేలితో రుద్ది తీగలు చెరిపాడు, ఆటోలు చెరిపాడు, బండిని దానిమ్మలతో సహా చెరిపాడు. "ఫ్రేమ్ క్లీన్‌గా ఉంటుంది" అంటూ నన్నూ చెరిపాడు. ఆఖరి తీగ ఒక మినార్‌ని ఆనుకుని ఉంది. రుద్దితే రెండూ పోయాయి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ 2025లో తీన్‌మినార్ అయింది. 400 లైకులొచ్చాయి. ఒక్కడూ మినార్లు లెక్కపెట్టలేదు.

నవ్వుకున్నాను. ఆ ఏడాది మే 13న తెలిసింది, సర్కారు చేతిలోనూ అదే ఫోనుందని. స్క్రీన్ కాస్త పెద్దది, అంతే.

మిస్ వరల్డ్ భామల హెరిటేజ్ వాక్ కోసం ముందు ట్రాఫిక్‌ని చెరిపారు. ఎర్ర తివాచీ అతికించారు, మర్ఫా మోత కలిపారు, లాడ్‌బజార్ గాజులకు మెరుపు పెంచారు. చార్మినార్ చుట్టూ బండ్లు తిరగకూడదన్న పాదచారుల పథకం పాతికేళ్లుగా నలుగుతోంది కదా, అది ఆ సాయంత్రం కొన్ని గంటలపాటు పూర్తయింది! రాత్రి చౌమహల్లాలో విందు. మర్నాడు 'అన్‌డూ' నొక్కారు. ఆటోలు ఎక్కడివక్కడికి వచ్చేశాయి.

మనకిదేం కొత్త విద్య కాదు. 2017లో ఇవాంకా ట్రంప్ వస్తుంటే నగరంలో బిచ్చమెత్తడాన్నే రెండు నెలలు నిషేధించాం. పాత వెర్షన్ కాబట్టి మనుషుల్ని వ్యాన్లలోకి ఎక్కించి మరీ చెరపాల్సొచ్చింది. బోలెడు శ్రమ, డీజిలు దండగ.

అందుకే నాదొక మనవి. పాతబస్తీ పనులన్నీ ఫోటో ఎడిటర్లకు అప్పజెప్పండి. గల్లీలో డ్రైనేజీ పొంగిందా? ఫోటో తీసి పంపండి, అరగంటలో పొంగని ఫోటో తిరిగొస్తుంది. నల్లా రాలేదా? ధారగా వస్తున్న నల్లా బొమ్మ పంపుతారు, బిందె మీరే తెచ్చుకోవాలి. గోడ కూలేలా ఉందా? ఫిల్టరేస్తే అదే 'హెరిటేజ్' అవుతుంది. సందు మరీ ఇరుకా? రెండంచులూ పట్టుకుని లాగితే నలభై అడుగుల రోడ్డు. అందులో ఫైరింజన్ కూడా పడుతుంది.

ఇక్కడిదాకా శనివారం రాత్రి రాశాను.

ఆదివారం పొద్దున్నే గుల్జార్ హౌజ్‌లో ఇల్లు తగలబడింది. మావాడు ఫోటో తీసుకున్న చోటే. 17 మంది పోయారు. ఎనిమిది మంది పిల్లలు. లోపలికెళ్లడానికైనా బయటపడడానికైనా ఒకటే ఇరుకు దారి.

పైనున్న ఫైరింజన్ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు. ఉండనీ.

షార్ట్ సర్క్యూట్ అంటున్నారు. ఇంట్లో తీగలు వేరు, వీధిలో తీగలు వేరు అని రేపు ఎవరో ఒకరు వివరణ కూడా ఇస్తారు. తలకి ఐదు లక్షలు ప్రకటించారు. ఐదు రోజుల ముందు ఇక్కడికి నాలుగడుగుల దూరంలోనే ఇంతమంది అధికారులు తిరిగారే, తివాచీ ఎక్కడిదాకా పరవాలో కొలుచుకున్నారే, ఒక్కడంటే ఒక్కడికి ఈ పాత ఇళ్ల మెట్లెంత వెడల్పున్నాయో చూద్దామనిపించలేదా? ఎందుకనిపిస్తుంది? మెట్లు ఫోటోలో పడవు. మరి నెత్తిమీద చిక్కుపడి వేలాడే ఆ తీగలైనా ఎవరికీ కనిపించలేదా అంటే, కనిపించాయి. ఫోటోకి అడ్డంగా ఉన్నాయని కనిపించాయి.